అర నూలు వదులు

మేస్త్రి గారు పోయారు. మొన్న మంగళవారం ఉదయం వారి భార్య ఫోన్ చేసి, "బాబూ, మీ మేస్త్రి గారు తెల్లారి లేవలేదండీ" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "పని ఆపుకొని రమ్మనటంలా, మీకు తెలియాలని చెప్పా" అన్నారు. ఆ సమయానికి నేను కంప్యూటరు ముందు ఒక వంటింటి అల్మరా పక్క పలకకు బెజ్జాలు చేరుస్తున్నాను. ఆ పనిని నాకు నేర్పింది ఆయనే. ఆయన మౌసును ముట్టుకున్నది మాత్రం ఒక్కసారే, అదీ టేబులు మీది రంపపు పొట్టు తుడవడానికి.

మా కార్ఖానా విజయవాడ శివార్లలో ఉంది. వంటింటి అల్మరాలు తయారు చేస్తాం. మేస్త్రి గారు అక్కడ పెద్ద వడ్రంగి. చెక్క కోసి బెజ్జాలు వేసే యంత్రం వచ్చాక, దానికి కావలసిన నమూనాలు కంప్యూటరులో గీయడానికి నన్ను తీసుకున్నారు. ఆ సాఫ్ట్‌వేరును నేను ఎవరి దగ్గరా చదువుకోలేదు. వీడియోలు చూసి, చూసినదల్లా జాబితాగా రాసుకొని నేర్చుకున్నాను. అందులో పలక గీయడం సులువు. ప్రతి పలకకూ ఏ ముఖాన, అంచు నుంచి ఎంత దూరంలో, ఎంత లోతున బెజ్జం పడాలో, గాడి ఎక్కడ తియ్యాలో విడివిడిగా చేర్చడమే అసలు పని.

నా మొదటి పెద్ద పని కూచిపూడిలో ఒక ఇంటి వంటగది. ఎడమ పక్క పలకలకు బెజ్జాలన్నీ చేర్చి, వాటినే నకలు తీసి కుడివైపు పెట్టాను. అద్దంలో ప్రతిబింబంలా తిప్పి పెట్టాలన్న సంగతి నాకు తోచలేదు. యంత్రం నేను చెప్పినట్టే చేసింది. కుడి పలకలన్నిటికీ అరల బెజ్జాలు బయటి ముఖాన పడ్డాయి. మేస్త్రి గారు ఒక పలక మీద అరచేయి రాసి నా వైపు తిరిగారు.

"ఏం బాబుగారూ, ఈ ఇంటావిడ గిన్నెలు అల్మరాకి బయట సర్దుకుంటదా?"

అందరూ నవ్వారు. నేను తల వంచుకున్నాను. ఆయన చెవి మీది పెన్సిలు తీసి కొత్త పలక లోపలి ముఖాన కొడవలి లాంటి గీత ఒకటి గీసి, దానికి చిన్న తోక పెట్టారు.

"చెక్కకి మొహం ఉంటదండీ. ముందు దాన్ని పలకరించాలి, ఆ తర్వాతే బెజ్జం. ఈ తోక ఎటుంటే అటు మనిషి నిలబడతాడు. మనిషెక్కడ నిలబడతాడో తెలియకుండా అల్మరా ఎట్టా చేస్తామండీ?"

ఆ రోజు నుంచి నా జాబితాలో మొదటి వరుస అదే: లోపలి ముఖం ఏది, మనిషి ఎటు.

తరువాత ప్రతి మధ్యాహ్నం క్యారియరు కడిగి ఆరబెట్టాక ఆయన చెబుతుంటే నేను నోటుపుస్తకంలో రాసుకునేవాడిని. మిల్లీమీటర్లలో ఏనాడూ చెప్పలేదు. "అగ్గిపుల్ల మందం", "బొటనవేలి గోరంత" అనేవారు. నేను స్కేలు పెట్టి కొలుచుకునేవాడిని. అలా నలభై వరుసలయ్యాయి. ఒక రోజు యజమాని గారు నన్ను పక్కకు పిలిచి, "ఆ జాబితా అయిపోగానే చెప్పవయ్యా. ఇక మేస్త్రిని ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమందాం" అన్నారు.

నలభై ఒకటో వరుస వెనక పలక కూర్చునే గాడిది. దాని కొలత మేస్త్రి గారు అప్పటికే చెప్పారు. నేను రాయలేదు. యజమాని గారు అడిగినప్పుడల్లా "ఒకటి మిగిలిందండీ" అనేవాడిని. కంప్యూటరులో ఆ గాడి బిగుతుగానే ఉండిపోయింది. ప్రతి అల్మరాకూ మేస్త్రి గారే చేత్తో ఉలి పట్టి దాన్ని సరిచేసేవారు. జాబితాలో ఒక్క గడినైనా ఖాళీగా వదలలేని నేను, దాన్ని నెలల తరబడి అలాగే ఉంచాను.

ఒక మధ్యాహ్నం పెన్సిలు కోసం వెతుకుతూ ఆయన నా పుస్తకం తెరిచారు.

"ఇది నేను చెప్పాగా బాబూ?"

 ఆయన ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టారు.

"నా కోసం ఖాళీ పెట్టారా?"

"మీరు ఉండాలని..."

"నేను సెలవు పెట్టిన రోజున వెళ్ళిన అల్మరాల సంగతేంటండీ? వానలకి వెనక చెక్క ఉబ్బి పక్కల్ని తోసేస్తది, తలుపులు పట్టేస్తాయి. ఆ ఇంటావిడ తిట్టేది మిమ్మల్ని కాదు, పనిని. పనిని తిట్టించకూడదు."

ఆ గడిలో తన చేత్తోనే "అర నూలు వదులు" అని రాశారు. నూలు అంటే వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ శనివారమే ఆయన పని మానేశారు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "గాడి మరిచిపోకండేం" అని మాత్రం అన్నారు.

ఆ తరువాత ఏటా తొలకరి పడగానే ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చేది. ముందు పిల్లల క్షేమం, ఆ వెంటనే, "తలుపులేమైనా పట్టేస్తన్నాయా బాబూ?" ఒక్కసారి కూడా పట్టేయలేదని చెబితే, "సరే, సరే" అని తృప్తిగా పెట్టేసేవారు. మీ స్థానం తీసుకున్నందుకు క్షమించండని అనాలని ప్రతిసారీ అనుకునేవాడిని. అనలేకపోయాను.

మంగళవారం మధ్యాహ్నం పామర్రు దాటి వాళ్ళ ఊరు చేరేసరికి మూడు రోజులుగా పట్టిన ముసురు ఇంకా విడవలేదు. వీధి తలుపు ఉబ్బి, భుజంతో తోస్తే గానీ తెరుచుకోలేదు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కాను ఆయనకు తొడగాలట. "ఆ అల్మరాలో ఉంది, కాస్త తీయండి బాబూ" అన్నారు ఆవిడ. అది ఆయన చేసుకున్న అల్మరా. ఒక వేలితో లాగితే చప్పుడు లేకుండా వచ్చింది తలుపు.

చొక్కా తీశాక దాని వెనక, పక్క పలక మీద, పెన్సిలు గుర్తు కనిపించింది. కొడవలి లాంటి గీత, చిన్న తోక. ఆ తోక నేను నిలబడ్డ వైపే ఉంది.