పెళ్ళి విస్తళ్ళకు దూసిన టేకు వరస

నేను కాపురానికి వచ్చిన మొదటి వానాకాలంలోనే మా ఆడబిడ్డ పెళ్ళి కుదిరింది. నైజాం పాలన నడుస్తున్న రోజులు. మా అత్తగారి ఊరు ఉప్పునుంతల దగ్గర. అక్కడ మా బావి గట్టు మీద మామ రెండు వరసల్లో టేకు మొక్కలు పెట్టాడు. పొద్దున్నే వాటిని చూసి వస్తే గానీ అంబలి ముట్టేవాడు కాదు. అప్పటికి అవి నాకంటే కాస్త ఎత్తు. ఒక్కో ఆకు చాటంత.

పెళ్ళి దగ్గరపడ్డాక ముసురు పట్టుకుంది. మోదుగాకు తెచ్చే బండి వాగు అవతలే ఆగిపోయింది. ఊరంతా భోజనానికి వస్తుంది, విస్తళ్ళు లేవు. మామ ఇంట్లో లేడు, సామాన్లకని నాగర్‌కర్నూలు పోయాడు. అత్త కొంగు నడుముకు దోపి, "రా బిడ్డా, బావి కాడికి పోదాం" అంది.

"మామ కోపం జేస్తడేమో అత్తమ్మా."

"తోటకూర దెంపితే మల్ల చిగురు వెడ్తలేదా? గిదిగూడ గంతే."

బావి వైపు వరస మొత్తం దూసేశాం. గంపలు నిండాయి కాబట్టి రెండో వరస బతికిపోయింది.

టేకాకు నలిగితే ఎర్రగా రంగు దిగుతుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. వేడి అన్నం వడ్డించి తినడం మొదలయ్యాక బంతిలో ఉన్నవాళ్ళ వేళ్ళన్నీ ఎర్రబడ్డాయి. వియ్యంకుడు చెయ్యి పైకెత్తి చూపిస్తూ, "మగోళ్ళకుగూడ మైదాకు వెడ్తున్నరా ఏంది?" అన్నాడు. పందిరంతా ఒకటే నవ్వు. మామకు మాత్రం ఆ ఆకు ఎక్కడిదో అర్థమైపోయింది.

చుట్టాలు వెళ్ళాక బావి దగ్గర నిలబడి అత్తను నిలదీశాడు. "గొర్రెను గొరిగినట్టు గొరిగితివి గదనే! ఆకు లేకుంటే చెట్టు ఏం తిని పెరుగుతది?"

"నీళ్ళు తాగి పెరుగుతది" అంది అత్త.

కొన్నాళ్ళకు చిగుర్లు వచ్చాయి. అత్త మురిసిపోయింది. కానీ ఆ ఆకులు అరచేతిని మించలేదు. లోపల దాచుకున్న సత్తువంతా చిగుర్లకే ఖర్చు పెట్టుకుని చెట్టు పెరగడం మానేసింది. మరుసటి వానలకు రెండో వరస మొదళ్ళు ముంజేతి లావయ్యాయి, మేం దూసినవి బొటనవేలు దాటలేదు. వాటిని చూసి అత్త ముఖం చిన్నబోయింది. మామ ఒక మొక్కను పిడికిట పట్టి చూసి, "సచ్చిపోలేదులే. ఎనకబడ్డది, గంతే" అన్నాడు మెత్తగా.

ఇక అత్తకు పట్టుదల వచ్చింది. ఆ వరస తనదన్నది. మొదళ్ళకు పెంట ఎరువు మోయించి పోయించింది. మేక అటు తల తిప్పితే చాలు, కట్టె తీసుకుని ఉరికేది. "మీ అత్తకు టేకు పిచ్చి లేసింది బిడ్డా" అని మామ నాతో నవ్వేవాడు.

కొన్నేళ్ళకు కొట్టం కప్పుకు వాసాలు కావలసి వచ్చాయి. మామ రెండో వరసలోనే చెట్లు ఎంచుకున్నాడు.

"నా చెట్లు పనికిరావా?" అత్త గొడవకు దిగింది.

"జర లావు కానియ్యే."

ఆమె ఊరుకోలేదు. చివరికి ఆమె వరసలోంచి ఒకటి కొట్టి, దూడను కట్టెయ్యడానికి గుంజ పాతాడు. ఆ వారమంతా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరినీ అత్త కొట్టంలోకి తీసుకుపోయి, ఆ గుంజను చూపించాకే మంచినీళ్ళిచ్చింది.