సువార్తమ్మత్త ఎడమ మోకాలు

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టేవాళ్ళను మీరు చూసే ఉంటారు. నేను ఇంకో మెట్టు పైకెక్కి మోకాలికీ దేవుడికీ ముడిపెట్టాను. అదీ రెండు మోకాళ్ళలో ఒక్కదానికే. ఆ ముడి విప్పలేక ఆళ్లగడ్డ చర్చిలో నిండు ఆదివారం నా పరువూ, అంతకంటే ముఖ్యంగా మా అత్త పరువూ పోయిన కథ ఇది.

అప్పట్లో నేను నంద్యాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. కొత్త ఉద్యోగం, కొత్త పొగరు. కొలతకు లొంగనిదంతా అబద్ధమేనని నమ్మేవాణ్ణి. చర్చికి పోవడం మానేసి ఏళ్ళయింది. అమ్మ పోయాక నన్ను పెంచిన మేనత్త సువార్తమ్మ ఆళ్లగడ్డలో ఉంటుంది. ఆమెకు రెండు మోకాళ్ళూ నొప్పులే. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట.

"మాత్రలు మింగుతాండా. మా కూడికలో ఆడోళ్ళు ప్రార్థన చేస్తాండారు. తగ్గుతాది లేప్పా."

"ప్రార్థనతో తగ్గుతాదనేదానికి సాక్ష్యం యాడుందత్తా? నేనే వచ్చి చూసి, తేలింది తేలినట్టు అందరికీ చెప్తా."

"నువ్వు సాక్ష్యం చెప్తావా?"

"చెప్తా."

ఆ మాట ఆమె ఎందుకంత ఆశగా అడిగిందో నేను ఆలోచించలేదు.

ఆ శనివారమే బస్సెక్కి వెళ్ళాను. అత్త వసారాలో కూడిక ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"కుడి మోకాలికే ప్రార్థన చెయ్యండి. ఎడమదాని పేరెత్తొద్దు. అది కంట్రోలు."

కూడిక పెద్ద దీనమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఎడమది ఏం పాపం చేసింది నాయనా?"

"పాపం కాదు పెద్దమ్మా, పోల్చి చూసేదానికి."

"దేవుడు రెండూ బాగుచేస్తే?"

"ప్రయోగం చెడిపోతాది."

"అట్లయితే ఎడమదాన్ని బాగుచెయ్యొద్దని గూడా ప్రార్థన చెయ్యల్నా?"

అందరూ నవ్వారు. అత్త మాత్రం చీర మీదుగా ఎడమ మోకాలిని నిమురుకుంటూ కూర్చుంది. పిల్లల కంపాస్ బాక్సులోని కోణమానిని పెట్టి, రెండు మోకాళ్ళూ ఎంత వంగుతున్నాయో కొలుచుకుని వచ్చేశాను.

నెల తర్వాత, వస్తున్నానని ముందే ఫోన్ చేసి, ఒక ఆదివారం మళ్ళీ వెళ్ళాను. అత్త చర్చిలో ఉందంటే అక్కడికే పోయాను. గడప దాటగానే అయ్యగారు, అంటే మా పాస్టరు, మైకులో చెప్పారు: "మన సువార్తమ్మక్క మేనల్లుడు ఈరోజు సాక్ష్యం చెప్తాడు."

మా చర్చిలో సాక్ష్యమంటే రుజువు కాదండీ. దేవుడు తనకు చేసిన మేలును నలుగురి ముందూ చెప్పుకోవడం. చిన్నప్పటినుంచీ విన్న మాటే. ఫిజిక్స్ పుస్తకాల కింద పడి మర్చిపోయాను. ముందు వరుసలో అత్త కొత్త చీరలో, నీళ్ళు నిండిన కళ్ళతో కూర్చుని ఉంది.

అప్పుడైనా రెండు మంచి మాటలు చెప్పి దిగిపోవచ్చు. దిగలేదు. జేబులోంచి కోణమానిని తీశాను.

"అత్తా, ఇట్లొచ్చి కుర్చీలో కూర్చో."

"ఈడనా?"

"ఈడనే."

కొలిచి మైకు అందుకున్నాను. "ప్రార్థన చేసిన కుడి మోకాలు ఎట్లుండేది అట్లనే ఉంది. ఎవురూ పట్టించుకోని ఎడమది బాగా వంగుతాంది. ఇదీ సాక్ష్యం."

అత్త లేచి, ఇన్నాళ్ళూ నా గురించి గొప్పగా చెప్పుకున్న మనుషుల మధ్యనుంచే కుంటుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల ఎత్తలేను.

ఇంటికి పోతే బొరుగుల ఉగ్గాని పెట్టింది. సగం తిన్నాక నోరు విప్పింది.

"ఎడమదానికి ఎవురూ చెయ్యలేదంటివే. నేను చేసినా."

"చెయ్యొద్దంటి గదత్తా."

"కుడిదానికి అంతమంది ఉండారు. ఎడమది దిక్కులేంది అయిపాయ. సొంత కాలు గదప్పా, చూస్తా ఊరుకుంటానా?"

పైగా జాలిపడి ఆముదం కూడా దానికే రాసిందట. గంగలో కలవాల్సిన నా సైన్సు ఉగ్గానిలో కలిసింది.

"తప్పయిపాయత్తా" అన్నాను.

"నీకోసం గూడా రోజూ చేస్తాంటి, నీ చిన్నప్పట్నుంచి" అంది, గిన్నె తీస్తూ. "రేపట్నుంచి ఆపుతా. నువ్వు కంట్రోలు."

ఆమె నవ్వలేదు. ఆనాటి నుంచి నాకు జలుబు చేసినా, బస్సు తప్పినా ఒకటే అనుమానం.

కాబట్టి పాఠకులారా, ఇకమీదట కోణమానినిని త్రిభుజాలకు తప్ప మోకాళ్ళకు ఆనించననీ, అయినవాళ్ళ నొప్పి మీద ప్రయోగాలు చెయ్యననీ, నా రెండు మోకాళ్ళ మీద సమానంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. అత్త నాకోసం మళ్ళీ మొదలుపెట్టిందో లేదో మాత్రం తెలియదు. అడుగుదామని ఫోన్ తీస్తాను. మోకాళ్ళ గురించి అడిగి పెట్టేస్తాను. లేదంటుందేమోనని భయం.