గోస్తని ఎయిర్ రోజలిన్

వందల విమానాలున్న కంపెనీల మధ్యకి రెండంటే రెండు విమానాలతో దిగిన కంపెనీ గోస్తని ఎయిర్. దాని విశాఖపట్నం స్టేషన్‌కి ఇన్‌చార్జి రోజలిన్. ఎయిర్‌పోర్టులో ఆమె కౌంటరు పక్క కౌంటరు నాది. నాది అంటే, పేరు చెప్పను గానీ, ఆ వందల విమానాల వాళ్ళలో ఒకరిది. పదహారేళ్ళుగా అక్కడే ఉన్నాను. ఈ కథ చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే, అంతా దగ్గర నుంచి చూశాను. చూసి ఊరుకున్నాను కూడా.

రోజలిన్‌ది జ్ఞానాపురం. తండ్రి ఎడ్వర్డ్ పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఆమెకి ముప్పై ఆరేళ్ళు. అప్పటికే రెండు విమాన కంపెనీలు ఆమె పనిచేస్తుండగానే మూతపడ్డాయి. మొదటి దానిలో ఆఖరి మూడు నెలల జీతం రాలేదు, రెండో దానిలో ఆఖరి రోజు దాకా మూతపడుతోందన్న సంగతే తెలియలేదు. అంత జరిగాక ఎవరైనా బడిలో టీచరుగానో, నగల షాపులో సేల్స్‌లోనో చేరతారు. ఈవిడ మళ్ళీ ఎయిర్‌పోర్టుకే వచ్చింది. పైగా దువ్వాడ నుంచి, గాజువాక నుంచి, ఆనందపురం నుంచి పద్ధెనిమిది మంది పిల్లల్ని తనే ఏరి తెచ్చి, ఇంటర్వ్యూలకి కూర్చోబెట్టి, ఉద్యోగాలు ఇప్పించింది. విశాఖ స్టేషన్ అంటే ఆ పద్ధెనిమిది మందీ, ఆమే.

కొత్తవాళ్ళ కష్టాలు బయటివాళ్ళకి తెలియవు కాబట్టి చెబుతాను. మా రన్‌వే నేవీ వాళ్ళది. మామూలు విమానాలకి ఇచ్చే వేళలు కొలిచి ఇచ్చినట్టు ఉంటాయి. మంచి వేళలన్నీ ఎప్పటినుంచో ఉన్న కంపెనీల చేతుల్లో ఉన్నాయి. గోస్తనికి మిగిలింది మధ్యాహ్నం మూడు. హైదరాబాదు నుంచి వచ్చిన విమానం దిగాక అరగంటలో మనుషుల్ని దింపి, ఎక్కించి, మళ్ళీ లేచిపోవాలి. ఆ గడువు దాటితే సాయంత్రం దాకా కూర్చోవాలి. అద్దె విమానం నేల మీద కూర్చుంటే కంపెనీకి నెత్తురు కారినట్టే.

మావాళ్ళేం చేశారంటే, బెంగళూరు వెళ్ళే విమానం ఒకదాన్ని దారి మార్చి, రెండూ నలభైకి హైదరాబాదు వేశారు. టికెట్టు గోస్తని కన్నా నూరు రూపాయలు తక్కువ. నష్టానికే. ఆరు నెలలు ఓపిక పడితే చాలని, ఆ తర్వాత రేటు మన ఇష్టమని మా మేనేజరు మీటింగులో నవ్వుతూ చెప్పాడు. పక్క కౌంటరు వాళ్ళు అడిగితే గుండుసూది కూడా ఇవ్వొద్దన్నాడు. మేమంతా నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను.

రోజలిన్ మా కంపెనీ మీద ఒక్క మాట అనలేదు. సీట్లు నింపుకోవడానికి దువ్వాడ రైల్వే స్టేషన్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది. ప్లాట్‌ఫారం మీద ఫోను చూసుకుని మొహం వేలాడేసుకున్నవాడంటే వాడి టికెట్టు వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయిందని అర్థం. అలాంటివాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏసీ బోగీకి అయ్యే దానికి ఇంకొంచెం వేస్తే విమానం వస్తుందని చెప్పేది. సెలవురోజుల్లో ఉక్కునగరంలో సెక్టారు సెక్టారూ తిరిగింది. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళని బస్టాపులో ఆపింది. ఇన్‌చార్జి హోదాలో ఉన్న మనిషి చేసే పనేనా అది? మా వాళ్ళు వెక్కిరించేవారు. కానీ సీట్లు నిండుతున్నాయి. మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళతో ఆమె కౌంటరు ముందు తిరనాళ్ళలా ఉండేది.

మొదటిసారి ఎక్కేవాళ్ళు ఊరికే రారు. మా వైపు చుట్టాలింటికి చేపల్లేకుండా వెళ్ళడం నామోషీ. జాలరిపేటల నుంచి వచ్చేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఐసు డబ్బాలూ, ఎండుచేపల మూటలూ అన్నీ కౌంటరుకే వచ్చేవి. మా కంపెనీ అయితే వాసన వస్తోందని పక్కకి నెట్టేస్తుంది. రోజలిన్ నెట్టలేదు. మూత బిగిసే పెద్ద ప్లాస్టిక్ టబ్బులు సొంత డబ్బుతో కొంది. ఎవరు ఏ డబ్బా తెచ్చినా దాన్ని విప్పి, నీళ్ళు కారకుండా ఐసు తీసేసి, చల్లటి జెల్ ప్యాకెట్లతో టబ్బులో సర్ది, టేపు వేసి పంపేది. చేతులు కంపు కొడుతున్నాయని ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. చేపలు తెచ్చుకోనిస్తారన్న మాట పెద జాలరిపేట దాకా పాకింది.

ఫిబ్రవరిలో హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. మార్చి ఆఖరుకి నూటికి డెబ్బై సీట్లు నిండినట్టు లెక్క తేలకపోతే విశాఖ స్టేషన్ ఎత్తేస్తారు. పంతొమ్మిది ఉద్యోగాలు పోతాయి. ఆ కాగితం ఆమె ఎవరికీ చూపించలేదు, నాకు చూపించింది. పక్క కౌంటరులో పెద్దవాణ్ణి కదా, నన్ను అన్నా అని పిలిచేది. మార్చి మూడో వారానికి లెక్క డెబ్బై ఒకటికి వచ్చింది. ఆ సాయంత్రం ఆమె పిల్లలందరికీ సమోసాలు తెప్పించింది. నాకూ ఒకటి పంపింది. తిన్నాను.

నెలాఖరుకి ఇంకా ఎనిమిది రోజులుండగా, ఒక మంగళవారం, హైదరాబాదు నుంచి రావలసిన విమానం ఇరవై నిమిషాలు ఆలస్యంగా దిగింది. ఉన్న అరగంటలో మిగిలింది పది నిమిషాలు. కౌంటరు మూసేస్తున్న వేళకి నూకాలు అనే జాలరిపేట ఆవిడ థర్మోకోల్ డబ్బా నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కూతురు హైదరాబాదులో పురుడు పోసుకుని పది రోజులు. డబ్బాలో పాలసొర చేప ఉంది. బాలింతకి పాలు పడాలంటే మావాళ్ళు పెట్టేది అదే.

"నా కూతురికి పాలు పడ్డం నేదు పాపా. ఇది తినకపోతే పడవు. ఇప్పకండి, మా మావ గట్టిగా కట్టీసినాడు. ఏటకెల్తే మూడు రోజులాగే కట్టది" అంది నూకాలు.

రోజలిన్ టబ్బు వైపు చూసింది, గడియారం వైపు చూసింది. ఐసు నీళ్ళు కారవు కదా అని ఒక్కటే అడిగింది. కారవంది నూకాలు. అబద్ధం చెప్పలేదు పాపం. ఆమెకి తెలిసిన పడవలో కారినా ఫర్వాలేదు, సముద్రంలోకే పోతాయి. దూరం పోయే చేపకి ఐసు మధ్యలో గల్లుప్పు చల్లడం తీరంలో అందరూ చేసేదే. చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. ఎవరూ దాన్ని చెప్పుకోదగ్గ సంగతి అనుకోరు. జాలరిపేటలో కాకుండా జ్ఞానాపురంలో పెరిగిన రోజలిన్‌కి, ఎన్ని డబ్బాలు విప్పినా ఐసులో కరిగిపోయిన ఉప్పు కంటపడక, అది అడగాలని తెలియదు.

నాకు తెలుసు. పదహారేళ్ళలో ఉప్పునీళ్ళ వల్ల విమానం ఆగిపోవడం రెండుసార్లు చూశాను. మామూలు నీళ్ళయితే తుడిచేస్తారు. ఉప్పునీళ్ళు ఒలికితే కింద రేకులన్నీ విప్పి, తుప్పు పట్టదని తేల్చుకునేదాకా విమానాన్ని కదలనివ్వరు. డబ్బాని విప్పకుండానే పంపేయడానికి తూకం బల్ల మీద నుంచి లాగినప్పుడు కింద చారెడు తడి మిగిలింది. దాని అంచున తెల్లగా రెండు ఉప్పు రాళ్ళు. నా కౌంటరుకి మూడడుగుల దూరం. మా విమానం అప్పటికే వెళ్ళిపోయింది, నాకు పని లేదు. రోజలిన్, ఆ డబ్బా ఆపు అంటే సరిపోయేది. నేను తల తిప్పుకుని కంప్యూటర్ వైపు చూశాను. అందులో చూడడానికి ఏమీ లేదు.

హైదరాబాదులో సామాను అర తలుపు తీస్తే అడుగంతా ఉప్పునీళ్ళు. విమానాన్ని ఆపేశారు. ఉన్నవే రెండు కదా, ఒకటి ఆగితే సగం కంపెనీ ఆగినట్టే. విశాఖ విమానం మూడు రోజులు రద్దయింది. ఆ మూడు రోజులూ గోస్తని టికెట్టు పట్టుకుని వచ్చినవాళ్ళకి మా కంపెనీ మూడింతల రేటుకి సీట్లు అమ్మింది. అమ్మింది నేనే. నాలుగో రోజు గోస్తని మళ్ళీ ఎగిరింది గానీ మనుషులు రాలేదు. మొదటిసారి ఎక్కుదామనుకున్నవాడు ఒకసారి భయపడితే మళ్ళీ రైలుకే పోతాడు. దువ్వాడలో ఆమె ఎంతమందిని అడిగినా, ఆ విమానం ఎగరదట కదమ్మా అన్నారు. నెలాఖరుకి లెక్క అరవై ఆరు దగ్గర ఆగింది.

విచారణ కాగితంలో డబ్బా ఎవరిదో రాయమన్నారు. రోజలిన్ నూకాలు పేరు రాయలేదు. రాస్తే నష్టం కట్టమని ఆవిడ మీద పడతారని తెలుసు. నియమం ప్రకారం మార్చాల్సిన డబ్బాని మార్చకుండా నేనే పంపాను, ప్రయాణికురాలి తప్పు లేదు అని రాసి సంతకం పెట్టింది. దాంతో పద్ధెనిమిది మందికీ ఒక నెల జీతం ఇచ్చి పంపిన కంపెనీ ఆమెకి అది కూడా ఇవ్వలేదు. అనుభవం సర్టిఫికెట్టు మీద కూడా నిర్లక్ష్యం అనే మాట రాసింది. ఆ మాటతో ఇక ఏ విమాన కంపెనీలోనూ ఆమెకి ఉద్యోగం రాదు. ఇంత మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నూకాలుకి ఇప్పటికీ ఏమీ తెలియదు. సొర డబ్బా దారిలో పోయిందనుకుంటోంది.

ఏప్రిల్ ఒకటిన గోస్తని బోర్డు ఊడదీశారు. మా టికెట్టు ఆ రోజే రెట్టింపయింది. రోజలిన్ సొరుగులు ఖాళీ చేసుకుంటోంది. కాంటీన్ నుంచి టీ తెచ్చి ఇచ్చాను. తీసుకుంది, తాగింది, గ్లాసు పక్కన పెట్టింది. ఇక్కడ దాకా బాగానే గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

"వీరేంద్రన్నా, ఆ రోజు బల్ల మీద తడి మీరు సూసారు" అంది.

నేను ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

"నాను సూడనేదు, పరుగులో ఉన్నాను. మీరు తల తిప్పీసుకోడం మట్టుకు సూసాను. ఏటో అనుకున్నాను, తరవాత బల్ల మీద ఉప్పు మరక సూసాక తెలిసింది. మీ కంపెనీ మీద నాకు కోపం నేదన్నా, ఆళ్ళది యాపారం. మీరొక్క మాట సెప్పుంటే పిల్లలకి ఉద్యోగాలుండేవి."

గొంతు పెంచలేదు. సంచి భుజాన వేసుకుని, బోర్డు ఊడదీస్తున్నవాళ్ళకి దారి ఇచ్చి వెళ్ళిపోయింది. నేను ఏం చేయను, మా మేనేజరు చెప్పాడు అందామని నోటిదాకా వచ్చింది. అదే అందరికీ చెప్పుకుంటున్నాను కూడా. కానీ మా మేనేజరు గుండుసూది ఇవ్వొద్దన్నాడు గానీ, విమానంలోకి ఉప్పునీళ్ళు పోతుంటే చూస్తూ ఊరుకోమని అనలేదు. పైగా ఆ మంగళవారం ఆయన ఊళ్ళోనే లేడు.