డంపర్ టైరు కొలనూ, దాని లోపాలూ

మావయ్య పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను పళ్ళు తోముకుంటున్నాను. అలాంటి వార్త వినడానికి అది తగిన భంగిమ కాదని ఒప్పుకుంటాను. నోటినిండా నురగతో "ఆఁ?" అన్నాను. ఫోన్లో అవతల ఆటోనగర్‌లో టైర్ల షాపు నడిపే బావ. ఆయన నాకు చుట్టం కాదు, వయసులో పదిహేనేళ్ళు పెద్ద. మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు బావ అనుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు.

"మావయ్య పోనాడు బావా. పొద్దున్నే కొలను మీద పేపరేత్తా, అలగే గట్టుకి ఆనుకుని కూకుండిపోనాడంట. అత్త కాఫీ అట్టుకెల్తే పలకనేదు."

నేను నురగ ఉమ్మేశాను. అవతల బావ, "మరి ఆ కొలను ఎవుడు సూత్తాడు బావా ఇప్పుడు?" అన్నాడు. పోయిన మనిషి గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదని మీకు అనిపించవచ్చు. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరికీ అలా అనిపించదు.

మావయ్య నాకు వేలు విడిచిన మేనమామ కూడా కాదు. ఉక్కునగరంలో మా క్వార్టరుకీ ఆయన క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ, అదీ చుట్టరికం. స్టీలు ప్లాంటులో మూడు షిఫ్టులూ చేసి చేసి రిటైరయ్యాక, నాలుగేళ్ళ కిందట క్వార్టరు ఖాళీ చేసి దువ్వాడలో ఓ చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు గదులెన్నని అడగలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి, పది గంటల ఎండ ఎక్కడ పడుతుందో చూసుకుని, అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాడు. వంటగదిలో గట్టు లేదన్న సంగతి సామాన్లు దిగాక అత్త కనిపెట్టింది.

కొలను అనగానే మెట్లూ హంసలూ ఊహించుకోకండి. అది గనుల్లో మట్టి మోసే పెద్ద డంపర్ లారీకి వాడి పారేసిన టైరు. ఆటోనగర్ బావ దాని పైభాగాన్ని గుండ్రంగా కోసి, గూడ్స్ ఆటోలో తెచ్చి పెరట్లో పడుకోబెట్టాడు. లోపల టార్పాలిన్ పరిచారు. ఒక మట్టి కుండీలో నీలికలువ దుంప పెట్టి దించారు, నీళ్ళు పోశారు, ఆనక చేపల్ని వదిలారు. సముద్రం పక్కనే ఉన్న ఊళ్ళో నీళ్ళు చూడ్డానికి ఇంత శ్రమ దేనికని నేనడిగితే, "సముద్రాన్ని మనం సూత్తాం అల్లుడూ. ఇది మనల్ని సూత్తాది" అన్నాడు. అప్పుడు నవ్వాను. తర్వాత ఎప్పుడు ఆ గట్టు మీద కూర్చున్నా ఎవరో నన్ను పరీక్షగా చూస్తున్నట్టే ఉండేది.

నీళ్ళు పోసిన మూడో రోజుకి అందులో ఓ కప్ప చేరింది. చుట్టూ సిమెంటు ఇళ్ళు, ముందు తారు రోడ్డు, ఆ వెనక రైలు పట్టాలు. మావయ్య నన్ను ప్రత్యేకంగా ఫోన్ చేసి పిలిపించాడు.

"నువ్వు బీయెస్సీ సదివేవు కదేటి. ఈ కప్పకి మనింటి అడ్రస్ ఎవుడు సెప్పేడు?"

"అది మా సిలబస్‌లో లేదు మావయ్యా."

"మరేటి సదివేవు మూడేళ్ళు?"

ఈ ప్రశ్న మా నాన్న కూడా అడిగేవాడు, కాని దెప్పడానికి. మావయ్య మాత్రం నిజంగా తెలుసుకోవాలనే అడిగేవాడు. నత్తలు ఎక్కణ్ణుంచి వస్తాయి? వానకి ముందు చేపలు అడుగుకి ఎందుకు పోతాయి? కలువ సాయంత్రం ముడుచుకునే వేళ దానికెలా తెలుస్తుంది? అరవై దాటిన మనిషి రోజుకో అనుమానంతో నిద్రలేచేవాడు. జవాబు దొరక్కపోతే బాధపడేవాడు కాదు, ఆ అనుమానాన్ని మా అందరికీ ఫోన్లో పంచేవాడు. మేమూ ఆ రోజంతా దాన్ని మోసేవాళ్ళం. ఆటోనగర్‌లో బావ టైరు విప్పుతూ, "బావా, నత్తల సంగతేటైనా తెల్సిందేటి?" అని నాకు ఫోన్ చేసేవాడు.

పేపరు సంగతి కూడా చెప్పాలి. మా ఊరి గాలికి నీళ్ళ మీద తెల్లారేసరికి సన్నటి నల్లపొడి తెట్టు కడుతుంది. మావయ్య నిన్నటి పేపరు షీటు తీసి నీళ్ళ మీద మెల్లగా పరిచి, ఒక్క క్షణం ఆగి, చివర్లు పట్టుకుని లేపేవాడు. తెట్టంతా కాగితానికి అంటుకుని వచ్చేసేది. పాల మీద మీగడ తీసినట్టు ఉండేది ఆ దృశ్యం. పేపరు పుట్టిందే అందుకని ఆయన నమ్మకం.

ఇక ఆయన పంచడం. కలువ పిలకలు, చేపపిల్లలు, తమలపాకు తీగ, లిల్లీ దుంపలు, ఏది ఎక్కువైనా స్నేహితులకు ఇచ్చేసేవాడు. కాకపోతే ఊరికే ఇచ్చేవాడు కాదు, చార్జి ఇచ్చేవాడు. ప్లాంటులో షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి మిషను ముందు నిలబడి, ఎక్కడ వేడెక్కుతోంది, ఏ బోల్టు వదులుగా ఉంది, అన్నీ చెప్పి గాని కదలకూడదట. బాగా నడుస్తున్నవాటి గురించి చెప్పనక్కర్లేదు. మావయ్య అదే పద్ధతిని మొక్కలకు దింపాడు. ఇచ్చే ముందు దాని లోపాలన్నీ వరసగా చెబుతాడు. పుచ్చుకునేవాడు వాటిని తిరిగి అప్పజెప్పాలి. ఒక్కటి మరిచిపోయినా మొక్క చేతికి రాదు.

మా వీధి చివర బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ ఓ ఆదివారం చర్చి నుంచి అటే వచ్చి గులాబీ అంటు అడిగింది. మావయ్య మొదలుపెట్టాడు. "దీనికి తెల్లపురుగు పడతాది. మొదటి పువ్వు సిన్నదొత్తాది, నాను మోసం సేసేననుకోవద్దు. ఎడం పక్క కొమ్మ మీద నాకు నమ్మకం నేదు. ముల్లు గుచ్చుకుంటే..."

"అన్నయ్యగారూ, పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని లోపాలు ఎవరూ బయటపెట్టరు!" అంది టీచరమ్మ.

"అందుకే మరి అన్ని కాపురాలు అలగున్నాయి" అన్నాడు మావయ్య. "మంచి దానంతటదే కనిపిత్తాదమ్మా. సెడ్డే సెప్పాల."

ఇప్పుడు నా చరిత్రలోని చీకటి అధ్యాయం. ఆయన నాకు ఎనిమిది గప్పీ చేపలు ఇచ్చాడు. లోపాలు చెబుతుండగా నేను ఫోన్ చూసుకుంటూ చిలకలా అప్పజెప్పి, ఇంటికొచ్చి, గోలెం నిండా కుళాయి నీళ్ళు పట్టి, చేపల్ని వదిలాను. మర్నాటికి ఎనిమిదీ తేలాయి. ఆదివారం మావయ్య చూడ్డానికి వస్తానన్నాడు. చదువుకున్నవాడిని కదా, గాజువాక వెళ్ళి అచ్చం అలాంటివే ఎనిమిది కొనుక్కొచ్చి గోలెంలో వేశాను.

ఆయన వచ్చి, గోలెం పక్కన గొంతుక్కూచుని, చాలాసేపు చూశాడు. నేను వాతావరణం గురించి మాట్లాడాను.

"అల్లుడూ, నాను ఇచ్చినోటిలో అయిదు ఆడవి. రంగు నేకుండా బొద్దుగుంటాయి. ఇయ్యన్నీ మగోళ్ళే, రంగు తోకలేసుకుని పెళ్ళికెల్తన్నట్టున్నాయి. ఆడోళ్ళు ఏటైపోనారు?"

తిడతాడనుకున్నాను. ఆయన ఇంకా దగ్గరికి జరిగాడు, కళ్ళు మెరుస్తున్నాయి. "పోతే పోనాయి. ఎలగ సచ్చాయో సెప్పు. ముందు పైకొచ్చి నోరు తెరిసేయా, అడుగునే పడిపోనాయా? ఎన్ని గంటలకి?"

అరగంట విచారణ జరిగింది. కుళాయి నీళ్ళన్నది బయటపడ్డాక తృప్తిగా తలాడించాడు. "బకెట్లో పట్టి ఒక రోజు ఎండలో ఉంచాలని సెప్పేను, నువ్వు ఇన్నేదు. సరే. తప్పు దాసుకుంటే ఆ తప్పు ఒక్కడికే పనికొత్తాది అల్లుడూ. సెప్పీసేవనుకో, పదిమంది సేపలు బతుకుతాయి." ఆ వారంలోనే నా పేరు చెప్పకుండా నా తప్పును దువ్వాడ నుంచి గాజువాక దాకా అందరికీ చెప్పాడు. పేరు చెప్పలేదు గాని, "పక్క క్వార్టరు బీయెస్సీ గుంటడు" అన్నాడట.

అలాంటి మనిషి ఎవరికీ చార్జి ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. మాకు మింగుడుపడనిది అదే. ఎవరి గోలెం సంగతి వాళ్ళకి తెలుసు గాని, ఆ పెద్ద కొలను లోపాలు మాలో ఎవరికీ తెలియవు. అత్త నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి బొబ్బిలిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. పెరట్లో గచ్చు చేయిస్తానని ఇంటి ఓనరు ముందే చెప్పేశాడు. కొలనును మా క్వార్టరు పెరట్లోకి తీసుకెళ్దామని అనుకున్నాం. కానీ ఆయన పోయిన రోజు నుంచీ కలువ ఒక్క పువ్వు విప్పలేదు. ఆకులు పసుపెక్కాయి. కదిలించకముందే చచ్చేలా ఉంది.

పన్నెండో రోజు అయ్యాక వచ్చిన ఆదివారం ముగ్గురం కొలను చుట్టూ కుర్చీలు వేసుకుని సమావేశమయ్యాం.

"దిగులు బావా" అన్నాడు టైర్ల బావ. "మనిసి పోతే మొక్కకి తెలీదేటి? మా తాత పోయినప్పుడు మా గేది మూడ్రోజులు మేత ముట్టనేదు."

"గేదె వేరు, కలువ వేరు. నీళ్ళలో ఏదో తేడా వచ్చుంటుంది" అంది టీచరమ్మ.

నేను ఫోన్లో వెతికి, దుంప కుళ్ళు తెగులు అని గంభీరంగా ప్రకటించాను. చల్లగా ఉందేమో, వాదన బాగా సాగింది. అత్త టీ గ్లాసులతో వచ్చి మా మధ్య నిలబడింది. ఆమెకు ఈ కొలనంటే పడదని మా అందరి అభిప్రాయం. ఇంట్లో మనిషికన్నా చేపలకే ముందు తిండి అని ఆయన్ని దెప్పేది. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, తల పైకెత్తి చూపించింది.

"ముందు ఆ టెంటు తీయించండి."

పైకి చూశాం. పరామర్శకు వచ్చేవాళ్ళ కోసం పెరడంతా కప్పి వేయించిన షామియానా అలాగే ఉంది. టెంటు హౌసువాడు రేపు రేపంటున్నాడు. మేము కూర్చున్న నీడ దానిదే. రెండు వారాలుగా ఆ కలువకు ఎండ పొడ తగల్లేదు. ఒక సైన్సు టీచరూ, ఒక బీయెస్సీ, ఒక మెకానిక్కూ కలిసి ఆ నీడలో చల్లగా కూర్చుని పువ్వెందుకు పూయడం లేదని చర్చిస్తున్నారు.

బావ గుంజలెక్కి తాళ్ళు విప్పాడు. గుడ్డ జారిపడగానే ఎండ నీళ్ళ మీద పడింది. అత్త టీ పళ్ళెం కింద పెట్టి, కొంగు దోపుకుని, నా వైపు తిరిగింది.

"నువ్వేనా అట్టుకెల్తన్నావు? అయితే ఇను. ఉత్తరం పక్క టార్పాలిన్‌కి సిల్లుంది, రోజుకి రెండు సెంబులు తగ్గుతాది. కుండీ కింద ఇటకుంది, తీసీసేవంటే ఆకులు మునిగిపోతాయి. ఆ నల్ల సేపకి ఎడం కన్ను నేదు. మేత కుడి పక్క ఎయ్యాల, నేకపోతే పస్తుంటాది."

మేం ముగ్గురం నోళ్ళు తెరుచుకుని వింటున్నాం. "నీకివన్నీ ఎలగ తెల్సత్తా?" అన్నాను.

"రోజూ రాత్రి పడుకునీ ముందు నాకు సార్జి ఇచ్చీవోడు కదరా. వద్దు మొర్రో అన్నా ఇనీవోడు కాదు. సిఫ్టు దిగీ ముందు సెప్పాల, పొద్దున్నేటవుద్దో ఎవుడికి తెల్సనీవోడు. నాలుగేళ్ళు. నాను తిరిగి అప్పజెప్తే గాని లైటు ఆర్పనిచ్చీవోడు కాదు."

టీ పళ్ళెం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఇంకోటుంది" అంది. "దీని దగ్గర కూకున్నోడు పిలిత్తే పలకడు. కాఫీ సల్లారిపోతాది."

పద్ధతి పద్ధతే. నేను లేచి నిలబడి ఒక్కొక్కటీ అప్పజెప్పాను. చిల్లు, ఇటుక, కన్ను. ఆఖరిది నోట్లోంచి రాలేదు. టీచరమ్మ నా తరఫున చెప్పింది.

మర్నాడు పాత నీళ్ళు డ్రమ్ముల్లో, చేపలు బకెట్లో, టైరు గూడ్స్ ఆటోలో ఉక్కునగరం చేరాయి. చిల్లుకి బావ ట్యూబు ముక్క అతికించాడు. ఎండ దండిగా ఉంది. అయినా మూడు వారాలు ఏమీ జరగలేదు. పాత ఆకులు ఒక్కొక్కటే కుళ్ళిపోయాయి. ఒంటికన్ను చేప మాత్రం కుడి పక్కనుంచి బాగానే తింటోంది. అత్త బొబ్బిలి నుంచి రోజూ ఫోన్ చేసి, "ఆకేటైనా లేసిందేటి?" అని అడిగేది. లేదని చెప్పడం కన్నా కష్టమైన పని నేను ఉద్యోగంలో కూడా చేయలేదు.

మొన్న పొద్దున్న పేపరు పరుద్దామని వెళ్తే, నీళ్ళ అడుగున ఎర్రటి కొత్త ఆకు చుట్ట కనిపించింది. దాని పక్కనే, పాత ఆకు ఎండు కాడను పట్టుకుని మట్టిరంగు పురుగొకటి నీళ్ళలోంచి పైకి పాకి ఉంది. కదలడం లేదు. దాని వీపు నిలువునా పగిలింది. అందరికీ ఫోన్ చేశాను. టీచరమ్మ బడికి వెళ్ళాల్సిన చీరలోనే వచ్చేసింది. బావ చేతులకి గ్రీజు కూడా తుడుచుకోలేదు. అత్తకి వీడియో కాల్ పెట్టి ఫోన్ నీళ్ళ వైపు పట్టుకున్నాను. పగిలిన వీపులోంచి ఒక తల, ఒంగిన వెన్ను, నలిగిన రెక్కలు మెల్లగా బయటికొచ్చాయి.

"తూనీగ" అంది టీచరమ్మ గొంతు తగ్గించి. "ఇవి నీళ్ళ అడుగున నెలల తరబడి ఉంటాయి. దువ్వాడలో, ఆయన ఉండగా పెట్టిన గుడ్డే అయ్యుంటుంది."

"అత్త దీని గురించి సెప్పనేదే" అన్నాడు బావ.

"ఆయనకీ తెల్దురా" అంది అత్త ఫోన్లోంచి. "తెలిత్తే నన్ను నిద్దరపోనిచ్చీవోడేటి?"

ఖాళీ అయిన తన తోలునే పట్టుకుని అది వేలాడుతోంది. తడి రెక్కలు నాలుగూ ఒక్కో ముడతా విప్పుకుంటూ ఎండలో అద్దాల్లా అవుతున్నాయి. టీచరమ్మకి బడి గంట కొట్టేశారు, బావ ఫోన్ జేబులో మోగి మోగి ఆగిపోయింది. ఎవరం కదల్లేదు.

"ఎగిరిందేటి?" అంది అత్త.

"ఇంకా నేదత్తా" అన్నాను.

"ఉండనీ. ఫోన్ కదపకు."