ఆఖరి మలుపు తర్వాత ఎన్ని దెబ్బలు

ఆదివారం మధ్యాహ్నం ఒక పాట ఎడిటింగ్‌లో ఉండగా తమ్ముడి నుంచి ఫోనులో ఒకే మాట వచ్చింది: "గెలిచిన." పావుగంట తర్వాత ఇంకొకటి: "ఎంక్వైరీ పెట్టిన్రు."

నేను ఫిల్మ్ నగర్‌లో సినిమా ఎడిటర్‌ని. తమ్ముడు జాకీ. మా నాయిన పందెం గుర్రాలకు దాణా పెట్టి, ఒళ్ళు రుద్దే సాయిసుగా ముప్పై ఏళ్ళు పనిచేశాడు. మా ఇల్లు ఇప్పటికీ బోరబండలోనే. తమ్ముడు పొట్టి, బరువు తక్కువ, గుర్రమంటే బెరుకు లేనివాడు. ఆ ఆదివారం గెలిచింది వాడి జీవితంలో అతి పెద్ద పందెం.

సోమవారం పొద్దున్నే నా ఎడిటింగ్ గదికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"రేపు పదకొండింటికి స్టీవార్డుల ముంగట నిలవడాలె అక్కా. ఆఖరి మలుపు దాటినంక రెండు దెబ్బలు ఎక్కువ కొట్టిన్నట. నేను కొట్టలే. జర నువ్వు చూడు."

స్టీవార్డులంటే పందెంలో తప్పొప్పులు తేల్చే అధికారులు. కొరడాతో ఎన్నిసార్లు కొట్టవచ్చో నియమం ఉంది. దాటితే జాకీని కొన్నాళ్ళు పక్కన పెడతారు, గుర్రం గెలుపు మాత్రం అలాగే ఉంటుంది. రాత్రంతా వాడి ఫోనులో ఇదే గొడవట. గెలుపు కూడా రద్దు చేయాలని కొందరు, అసలు కొరడానే తీసేయాలని కొందరు. డబ్బు పెట్టినవాళ్ళేమో కొట్టని జాకీ అమ్ముడుపోయినట్టే అంటున్నారు.

వీడియో పెట్టి ఒక్కో ఫ్రేమూ ముందుకు జరిపాను. కాగితం మీద గీతలు పెడుతూ లెక్కపెట్టాను. వాడు నా కుర్చీ వెనక నిలబడ్డాడు. వాడి ఊపిరి నా చెవికి వినిపిస్తోంది.

"ఆపు! అగో, అది జీను కింది గుడ్డకు తగిలింది. గుర్రానికి తగలనే లే."

నిజమే. పెద్దది చేసి చూశాను. కొరడా కొస గుడ్డ మీదే పడింది. ఒకటి తగ్గింది. వాడు గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

నేను ఆపలేదు. ఇంకాస్త ముందుకు జరిపితే, పక్క గుర్రం కెమెరాకూ వాడికీ మధ్య అడ్డం వచ్చిన చోట వాడి మోచేయి పైకి లేచింది. దిగింది. గుర్రం తోక ఒక్కసారి ఝాడించింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అధికారులు రాసిన లెక్కలో ఈ దెబ్బ లేదు.

"ఇదేంది?"

వాడు స్క్రీన్ మీంచి చూపు తిప్పుకున్నాడు. "వాళ్ళకు కనవడలే గద" అన్నాడు.

"నాకు కనవడ్డది."

"నువ్వు స్టీవార్డువు కాదు. జీను గుడ్డ దాకా కట్ చేసియ్యి. గంతే."

నేను రోజూ చేసేది ఆ పనే. గుర్రం ఎక్కడం రాని హీరో మొహాన్ని ఇంకెవరో చేసిన సవారీకి అతికిస్తాను. చూసేవాళ్ళు ఈలలు వేస్తారు. దానికి ఎన్నడూ సిగ్గుపడలేదు. కానీ ఆ పొద్దు నా చెయ్యి మౌస్ మీద ఉండిపోయింది, కదల్లేదు.

"దానికి నొప్పి ఉండదక్కా. మెత్తటి పట్టీ ఉంటది. ఉత్త చప్పుడే."

"నొప్పే లేకుంటే ఎందుకు కొట్టినవ్ మరి?"

"పక్కది మెడ దాకా వచ్చింది! అప్పుడు లెక్క ఎవనికి యాదికుంటది?" అని అరిచాడు. పక్క గదిలో పాట ఆగింది.

"మొత్తం కాపీ చేసిస్త. నీకు కావల్సింది చూపించుకో. కోసి మాత్రం ఇయ్య" అన్నాను.

కాపీ కాగానే పెన్‌డ్రైవ్ లాక్కున్నట్టు తీసుకుని, వచ్చిన చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో నాయిన అంతా విన్నాడు. "గుర్రం ఎట్లున్నదట?" అని అడిగాడు. మా ఇద్దరికీ తెలియదు. తమ్ముడు తింటున్న పళ్ళెం పక్కన పెట్టి గుర్రపుశాలకు ఫోన్ చేశాడు. "మంచిగనే ఉన్నదట. దాణా తిన్నదట" అన్నాడు, నా వైపు చూడకుండా.

మరునాడు పదకొండు దాటింది. పన్నెండు దాటింది. ఒకే షాట్‌ని పది చోట్ల పెట్టి చూశాను, ఎక్కడా కుదరలేదు. బయటికి వచ్చి జూబ్లీహిల్స్ వైపు ఎక్కుతున్న కార్లను చూస్తూ నిలబడ్డాను. ఒంటిగంటకు ఫోన్ మోగింది.

"మొత్తం చూపించిన. చాటున పడ్డ దెబ్బ నేనే చెప్పిన."

"ఏమన్నరు?"

"ఒకటి తీసేసిన్రు. ఒకటి కలిపిన్రు. నెల రోజులు సవారీ బంద్. ఓనరు ఇంకో జాకీని పెట్టుకుండు" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ నెలంతా ఇంట్లో నాతో ముక్తసరిగానే మాట్లాడాడు. తప్పు చేశానా అని చాలాసార్లు అనిపించింది. కోసి ఇచ్చి ఉంటే వాడికి శిక్ష తగ్గేదేమో, ఆ గుర్రం వాడికే ఉండేదేమో.

మళ్ళీ సవారీ దొరికిన రోజున నేను కంచె దగ్గర నిలబడ్డాను. ఆఖరి మలుపు తిరిగేసరికి వాడు రెండో స్థానంలో ఉన్నాడు. చెయ్యి లేచింది. నాకు తెలియకుండానే పెదాలతో లెక్కపెడుతున్నాను. ముందున్న గుర్రాన్ని అందుకుంటున్నాడు. ఇంకొకటి కొట్టే వీలుంది. అంతలో కొరడా కిందికి దించేశాడు. గెలుపు గీత దగ్గర గుర్రం ముక్కంత తేడాతో ఓడిపోయాడు.

"కొట్టుమంటే చేతులు ముడుసుకున్నడు! అమ్ముడువోయిండు సాలేగాడు!" నా పక్కనున్న మనిషి టికెట్ చింపి విసిరేశాడు. వాడు నా తమ్ముడు అని చెప్పాలనుకున్నాను. చెప్పకుండానే కంచె వెంట ముందుకు నడిచాను.

గుర్రం దిగాక కంచె అవతల కనిపించాడు. మొహం నిండా మట్టి.

"ఇంకొకటి ఉండె గద?" అన్నాను.

"ఉండెనా?" వాడు నన్ను చూశాడు. "మధ్యల లెక్క తప్పిన అక్కా. భయమైంది. ఆపేసిన."

జీనును ఒక చేత్తో పొట్టకు అదుముకున్నాడు. కంచె మీదుగా చెయ్యి చాపి వాడి మణికట్టు పట్టుకున్నాను. వదిలించుకోలేదు. పందెం తర్వాత జాకీల బరువు చూసే తూకానికి లోపలి నుంచి పిలిచేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.