వేపమండ కనపడని సాయంత్రం, మరుసటి పగలు

వెంకటప్ప తన పదిహేనో ఏట, వానలు ముఖం చాటేసిన సంవత్సరం, తండ్రి మందలో మిగిలిన పందొమ్మిది గొర్రెలను తోలుకుని ఒక్కడే కాలువ గట్టు పట్టి నంద్యాల దాకా పోయాడు. ఐదు నెలలకు ఒక్కటీ పోగొట్టకుండా, పైగా పదకొండు పిల్లలతో తిరిగొచ్చాడు. అదే ఆయన మొదటి గెలుపు. ఆ తర్వాతివి చెప్పుకుంటూ పోతే చాలానే ఉన్నాయి. బడి నాలుగో తరగతితో సరి. అయినా జమ్మలమడుగు చుట్టుపక్కల గొర్రెలకు నట్టల మందు తాగించిన మొదటి కాపరి ఆయనే. పులివెందులలో పశువుల ప్రదర్శన పెడితే ఆయన పొట్టేలు రెండుసార్లు మొదటి బహుమతి తెచ్చింది. కాపర్ల సంఘానికి తొమ్మిదేళ్లు పెద్దగా ఉన్నాడు. వీటన్నిటినీ మించింది ఇంకొకటుంది. నలభై ఆరేళ్లలో ఏ రైతుకూ ఆయన మంద మాట తప్పలేదు.

దుక్కికి ముందు చేలో రాత్రిపూట గొర్రెలను పడుకోబెడితే వాటి పెంట, ఉచ్చ నేలకు బలం. అందుకని రైతు ముందుగా కాపరితో మాట్లాడుకుంటాడు. చేను తెలియడానికి మూలన ఒక వేపమండ గుచ్చి పోతాడు. మండ ఉన్నచోట కాపరి చుట్టూ వల కట్టి మందను లోపలికి తోలాలి. మాటే గానీ దీనికి కాగితం లేదు.

ఈ జూన్ మొదట్లో ప్రసూనమ్మ అనే రైతుకు రెండు రాత్రులు మంద పెడతానని మాట ఇచ్చాడు. మేనల్లుడు తిరుపాల్ గొర్రెల మందు కోసం జమ్మలమడుగు పోయి మొదటి రాత్రికి తిరిగి రాలేదు. పొద్దు గూకే వేళకు వెంకటప్ప ఒక్కడే నూట నలభై గొర్రెలతో ఆమె ఊరికి చేరాడు. ఎటు చూసినా ఒకే తీరు నల్లరేగడి బీళ్లు. మూలన ఆకుపచ్చగా ఏదో నిలబడి ఉంటే అక్కడే వల కట్టి, ఒళ్లు ఎక్కడ వాల్చాడో తెలియకుండా నిద్రపోయాడు.

తెల్లవారుజామున బోరు మోటారు వేయడానికి వచ్చిన హఫీజ్ మాటతో మెలకువ వచ్చింది.

"ఏం మామా, నా చేని మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చిండాదే! పిలవని పెండ్లికి ఊరంతా వచ్చినట్టు దిగినావు."

వెంకటప్ప లేచి కూర్చున్నాడు. "ఇది ప్రసూనమ్మ చేను గదా?"

"ఆమెది గట్టు అవతల. మండ ఆడుండాది చూడు. ఈ మూలన ఉండేది ఆముదం చెట్టు."

ఆయన దగ్గరికి నడిచిపోయి చేత్తో తడిమి చూశాడు. ఆముదం ఆకే.

అంతలో ప్రసూనమ్మ రానే వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆమె చేలోకి ట్రాక్టర్ వస్తుంది. అది తప్పితే మళ్లీ పది రోజులకు గానీ వంతు రాదు. పోయినేడు వేసిన శనగ చేతికి రాలేదు. ఈసారైనా నేల కాస్త బలపడాలని ఆమె మందకోసం కాచుకుంది.

"మాట నాకు, మంద ఆయప్పకా? ఇదేం న్యాయమప్పా, ఆకు నాకేసి అన్నం పక్కోనికి వడ్డించినావు!"

అప్పుడే బండి దిగిన తిరుపాల్ మామ చెవి దగ్గరికి వంగాడు. "గొర్రెలు వల తెంచుకొని ఇట్ల పడినాయని చెప్దాం మామా."

"నా తప్పు గొర్రెల నెత్తిన రుద్దేదానికా ఇన్నాళ్లు వాటిని సాకింది?" అన్నాడు వెంకటప్ప. తర్వాత ప్రసూనమ్మ వైపు తిరిగాడు. "మండ కనపడలేదమ్మా. కండ్లు రెండేండ్ల నుంచి మసక. దుమ్ము పడిందని అందరికీ చెప్తాండా. ఇంకా ఒక పగలు, ఒక రాత్రి ఉండాయి. రెండు రాత్రుల పెంట నీ చేలో పడేట్టు చూస్తా."

"పగలు గొర్రెలు మేతకు కొండకు పోవా?"

"పోవు. నేనూ పోను."

పడుకోవాలని ప్రాణం లాగుతున్నా పని మొదలుపెట్టాడు. మేతకు కొండకు తోలితే రోజంతా పెంట దారిలోనే పోతుంది. అందుకని ఎండెక్కేదాకా పక్క బీట్లో మేపి, పది గంటలకల్లా ప్రసూనమ్మ చేని తూర్పు గట్టున తుమ్మచెట్ల నీడలోకి చేర్చాడు. పడుకున్న గొర్రె లేచినప్పుడే పెంట వేస్తుంది. అది ఏ పుస్తకమూ చెప్పకుండా ఆయన నేర్చుకున్నది. గంటకొకసారి మందను అదిలించి లేపి, వలను పది గజాలు జరిపి, మళ్లీ పడుకోబెట్టాడు. వల గుంజలు తిరుపాల్ పాతాడు. గొర్రెలు ఎండకు ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి రొప్పుతున్నాయి.

హఫీజ్ ఊరికే ఉండలేదు. బోరు నీళ్లు పైపుతో గట్టు దాటించి తొట్టి నింపాడు. మేతకని కల్లంలో మిగిలిన వేరుశనగ కట్టె, శనగ పొట్టు రెండు బండ్లు తెచ్చి దించాడు.

"ఎందుకప్పా ఇదంతా?" అన్నాడు వెంకటప్ప.

"రాత్రి పుణ్యం ఊరికే తింటే అరగదు మామా. నువ్వు కండ్లు మూసుకొని కూడా నా చేను బాగు చేసినావు. తెరుచుకుంటే ఈ ఊరంతా పండతాదేమో!"

తిరుపాల్ నవ్వాడు. వెంకటప్పకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. మూడు గంటలకు సంగటి ముద్ద చేతిలో పెట్టుకుని తినడం మరిచి నిలబడి ఉంటే, ప్రసూనమ్మ గిన్నెతో మజ్జిగ తెచ్చి, "తిను ముందు. నువ్వు పడిపోతే మందను నేను లేపాలా?" అని కసిరింది. పొద్దున్నటి కోపం ఆ గొంతులో సగానికి తగ్గింది.

ఎండ తగ్గాక మందను చేను నడిమికి తెచ్చారు. రాత్రి మూడుసార్లు లేపే పని తిరుపాల్ తీసుకున్నాడు. వెంకటప్ప గట్టు మీదే ఒరిగిపోయాడు.

పొద్దున్న ట్రాక్టర్ రాకముందే ప్రసూనమ్మ చెప్పులు విడిచి చేను ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. పడమటి మూలన బండి తిరిగేటంత జాగా వట్టిగా ఉంది. తక్కినదంతా కాలి కింద మెత్తగా తగిలింది.

"ఆ మూల మిగిలిపోయింది," అన్నాడు వెంకటప్ప, ఆమె అనకముందే.

"మిగలనీలే. రెండు రాత్రులు పెట్టినోళ్లు కూడా ఇంత పెట్టలేదు," అని, ఆమె కాస్త ఆగింది. "కండ్లు చూపించుకో యెంకటప్పా. వచ్చేయేడు కూడా నిన్నే పిలుస్తా."

మంద మాట నిలబడింది. కానీ అది ఇంకొకరి కండ్లతో నిలబడిందని ఆయనకు తెలుసు. మంద ఆ రోజే పెండ్లిమర్రి వైపు కదలాలి, అక్కడ నెలాఖరు దాకా నాలుగు చేలు ఒప్పుకుని ఉన్నాయి. ఏ చేను ముందు, ఏ గొర్రె ఈనడానికి దగ్గరగా ఉంది, ఏది కుంటుతోంది, అన్నీ తిరుపాల్‌కు చెప్పాడు.

"నువ్వు రావా మామా?"

"మండ కనపడని కాపరి మందకు బరువురా. నేను ప్రొద్దుటూరు పోతాండా."

గురువారం హఫీజ్ బండి మీద కూర్చోబెట్టుకుని ప్రొద్దుటూరు కంటి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ముందు కుడికంటి శుక్లం తీశారు. మూడు వారాలు దుమ్ములోకి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పెండ్లిమర్రి చేలలో వెంకటప్ప మళ్లీ మంద వెనక నిలబడేది ఈ జూన్ ఇరవై ఎనిమిది, ఆదివారం.