రెండుసార్లు తడిసిన తల

నేను రెండుసార్లు బాప్తిస్మం పొందాను. నాందేడ్‌లో మా ఆయన వైపు వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మా బాపుకు మాత్రం తెలియకుండా నాలుగేళ్లు నెట్టుకొచ్చాను.

మొదటిసారి నేను ఒళ్లో పాపను. రైల్వేలో పనిచేసే బాపు నన్ను చర్చికి ఎత్తుకుపోతే, అయ్యగారు నెత్తిమీద నీళ్లు చల్లారు. రెండోసారి పెళ్లికి ముందు. మా ఆయన వాళ్ల సంఘంలో తెలిసి నమ్మినవాళ్లకే బాప్తిస్మం. వాళ్ల లెక్కలో పసిపిల్లల మీద చల్లినవి ఉత్త నీళ్లే. నీళ్లలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకోకపోతే పెళ్లి జరగదన్నారు. ధర్మాబాద్‌లో స్నేహితురాలి పెళ్లి ఉందని ఇంట్లో చెప్పి, మా ఆయన వాళ్ల ప్రార్థన మందిరం వెనక సిమెంటు తొట్టిలో మునిగి, జుట్టు ఆరేదాకా కూర్చుని ఇంటికి వచ్చాను. పిరికిదాన్ని, ఒప్పుకుంటాను.

తర్వాత నాకు కూతురు పుట్టింది. బాపు పాపను చర్చికి తెమ్మన్నాడు. మా ఆయన వద్దన్నాడు.

"పెద్దగైనంక దాన్నే అడుగుదాం మామా. అడగకుండ ముద్ర వేసుడేంది?"

బాపు నవ్వాడు. "ఎన్కట బైబిల్ల యూదులు పుట్టిన ఎనిమిదో దినంనాడు సున్నతి చేసేటప్పుడు ఆ పిల్లగాన్ని అడిగి చేసిండ్రా? ముందుగాల దేవుడు మాటిచ్చిండు. గుర్తు ఆ మాటకు. నమ్ముడు తర్వాత అస్తది. నీళ్లు గూడ గంతే."

నాకు బాపు మాటే నచ్చింది. సున్నతి మగపిల్లలకే, నాలాంటిదానికి అందులో చోటు లేదు. సున్నతి పోయి నీళ్ల బాప్తిస్మం వచ్చాక ఆడపిల్లను కూడా ఎత్తుకుపోయి, ఇదీ మా ఇంటిదే అన్నారు. అది తలచుకుంటే గర్వంగా ఉంటుంది. కానీ ఆ నీళ్లనే కాదనుకుని వచ్చినదాన్ని, ఏ ముఖం పెట్టుకుని వాదించను? అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. చివరికి మా ఆయన "నీ ఇష్టం, నేనైతే రాను" అని పక్కకు జరిగాడు.

ఆదివారం పాపను ఎత్తుకుని అయ్యగారి ముందు నిలబడ్డాను. పక్కన బాపు, ఇస్త్రీ చొక్కాలో. తల్లిని ముందుగా ఏమడుగుతారో నేను మరచేపోయాను.

"చిన్నప్పుడు నీకిచ్చిన బాప్తిస్మాన్ని విడువకుండ పట్టుకున్నవా అమ్మా?"

అవునంటే దేవుడి ఎదుట అబద్ధం. కాదంటే పక్కనే బాపు.

"లేదు అయ్యగారూ. పెళ్లికి ముందు మల్ల మునిగిన."

అయ్యగారు నీళ్ల గిన్నె మీద మూత పెట్టారు. ముందు సంఘ పెద్దలతో మాట్లాడాలన్నారు.

ఆటోలో బాపే పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటి ముందు దిగాక నేనే అడిగాను, "దేవుడు నన్ను ఇడిసిపెట్టిండా బాపూ?"

"నువ్వు ఇడిసినవు. ఆయన ఇడువడు. దేవుడు మాటిచ్చి చేసుకున్న నిబంధనంటే గదే బిడ్డా." పాపను నా చేతికిచ్చాడు. "నేను దేవున్ని కాదు గద. నాకు జర టైమ్ కావాలె."

ఆ టైమ్ ఇంకా కాలేదు. ప్రతి ఆదివారం వస్తాడు, పాపను ఎత్తుకుని ఇంకా నీళ్లు పడని ఆ పొడి తలను ముద్దాడతాడు, నేనిచ్చిన చాయ్ తాగకుండా పోతాడు.